కొండ దిగే జీపుకు ఇంజను పట్టు



కొండ ఎక్కడం కష్టమని అందరం అంటాం. కాని ఎద్దుబండి తోలిన ముసలివారిని ఎవరినైనా అడిగి చూడండి, ఎక్కుడు కంటే దిగుడే గండమని చెబుతారు. ఎక్కేటప్పుడు ఎద్దులకు చేతకాకపోతే బండి ఆగిపోతుంది, అంతే. దిగేటప్పుడు చేతకాకపోతే బండే వచ్చి ఎద్దుల మీద పడుతుంది. అందుకనే అనుభవమున్న రైతు దిగుడు దగ్గర కిందికి దిగి, ముక్కుతాళ్లు బిగపట్టి, ఎద్దుల పక్కనే నడుస్తాడు. ఎద్దులు కాళ్లు తన్నిపట్టి, వెనకనుంచి తోసుకువచ్చే బరువును కాడితో నిలువరిస్తాయి. బండిని లాగిన ఎద్దులే బండిని ఆపుతాయన్న మాట.

ఇప్పుడు అరకు, పాడేరు, మారేడుమిల్లి ప్రాంతాలలో కాఫీ, మిరియాలు, పసుపు, అల్లం కొండమీదినుంచి జీపులలో, ట్రాక్టర్లలో దిగుతున్నాయి. సంతరోజున సరుకుతోపాటు మనుషులూ దిగుతారు. ఈ బండికి ఎద్దులు లేవు గాని ఇంజను వున్నది. లాగిన ఇంజనే ఆపాలి. ఈ సంగతి తెలిసిన డ్రైవర్లు చాలామందే వున్నారు. అయితే నాలుగు చక్రాలూ లాగే జీపులో లో లివరు వేసిన తరువాత కూడా ఒక్కొక్కసారి ఆ పట్టు తప్పిపోతుంది. ఎందుకు తప్పుతుంది, ఎక్కడ తప్పుతుంది, తప్పకుండా ఏం చేయాలి అన్నదే ఇవాళ్టి విషయం.

ముందు ఒక చిన్న లెక్క చూద్దాం. అరకులోయ సముద్రమట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తున వున్నది. సరుకుతో, మనుషులతో కలిపి 2000 కిలోల బరువున్న జీపు అక్కడినుంచి మైదానానికి 800 మీటర్లు దిగిందనుకోండి. ఆ దిగుడులో పుట్టే శక్తినంతా వేడిగా మారిస్తే దాదాపు 50 లీటర్ల చన్నీళ్లను మరిగించవచ్చు. గాలి, టైర్ల రాపిడి అందులో కొంత తీసుకుంటాయి. మిగతాది ఎక్కడికి పోవాలి? మీరు కాలిబ్రేకు ఒక్కదాన్నే నమ్ముకుంటే ఆ వేడంతా నాలుగు బ్రేకు డ్రమ్ముల్లోకి, డిస్కుల్లోకి పోతుంది. లైనింగులు కాలిన వాసన వేస్తాయి, పట్టు సడలుతుంది. బ్రేకు ఆయిలు పాతబడి చెమ్మ పీల్చుకుని వుంటే, ఆ వేడికి గొట్టాల్లో ఆవిరి పుడుతుంది. అప్పుడు పెడలు తొక్కితే మెత్తగా అడుగుదాకా పోతుంది గాని బండి ఆగదు. ఘాటీ మలుపులో ఇలా జరిగితే ఏమవుతుందో నేను చెప్పనవసరం లేదు.

ఇంజను పట్టు వుంటే ఆ వేడిలో పెద్దపాలు ఇంజనులోనే ఖర్చయి, రేడియేటరు ద్వారా, పొగగొట్టం ద్వారా బయటికి పోతుంది. ఇంజను ఎంతసేపైనా వేడిని భరించేటట్లు తయారైన యంత్రం. బ్రేకు అలాంటిది కాదు.

మరి లో లివరు ఏం చేస్తుంది? పాత విల్లీస్ జీపునే తీసుకుందాం. మన దేశంలో ఈ జీపులను కూర్చడం మహీంద్రావారు బొంబాయిలో మొదలుపెట్టారు. దానిలో మామూలు గేరుబాక్సు వెనక ఇంకొక చిన్న గేరుపెట్టె వున్నది. దాన్నే ట్రాన్స్‌ఫర్ కేసు అంటారు. ముందు ఇరుసుకు శక్తి పంపేదీ, హై-లో మార్చేదీ అదే. ఒకటో గేరులో ఇంజను సుమారు 2.8 చుట్లు తిరిగితే గేరుబాక్సు ఒక చుట్టు తిరుగుతుంది. లో లివరు వేస్తే అది ఇంకా 2.46 రెట్లు తగ్గుతుంది. ఇరుసు దగ్గర మరి 5.38 రెట్లు. మూడూ గుణిస్తే 37 వస్తుంది. అంటే చక్రం ఒక్క చుట్టు తిరగాలంటే ఇంజను 37 చుట్లు తిరగాలి. ఇంజను నిమిషానికి 2000 చుట్లు తిరుగుతుంటే, జీపు గంటకు ఏడు కిలోమీటర్ల పైచిలుకు వేగంతో మాత్రమే పోతుంది. అదే హైలో అయితే ఒకటో గేరులో పద్దెనిమిది.

వేగం తగ్గినట్టే పట్టు పెరుగుతుంది. ఇంజనుకున్న కొద్దిపాటి బిగువు చక్రం దగ్గరికి వచ్చేసరికి ముప్పయ్యేడు రెట్లవుతుంది. మనిషి నడకకంటే కాస్త జోరుగా, బ్రేకు తొక్కకుండా జీపు కొండ దిగుతుంది. ఇదీ లో గేరు గొప్ప.

అయితే ఒక షరతు వున్నది. ఇంజను, క్లచ్చి, గేరుబాక్సు, ట్రాన్స్‌ఫర్ కేసు, షాఫ్టులు, ఇరుసు, చక్రం, నేల — ఇదంతా ఒక గొలుసు. ఇందులో ఏ ఒక్క లంకె విడిపోయినా కాడి ఊడిన బండే. ఆ లంకెలు ఎక్కడెక్కడ విడిపోతాయో ఒక్కొక్కటే చూద్దాం.

మొదటిది, గేరు జారిపోవడం. "ఎక్కేటప్పుడు లో గేరు బాగానే వుందండీ, దిగేటప్పుడే తనంతట తాను న్యూట్రల్లోకి వచ్చేస్తున్నది" అని కొందరు డ్రైవర్లు అంటుంటారు. ఇది విచిత్రమేమీ కాదు. ఎక్కేటప్పుడు పళ్లచక్రాల పళ్లకు ఒక వైపు బరువు పడుతుంది. దిగేటప్పుడు చక్రాలే ఇంజనును తిప్పుతాయి గనుక, అదే పంటికి రెండోవైపు బరువు పడుతుంది. ఆ రెండోవైపు అరిగివుంటే పళ్లు ఒకదానిమీదనుంచి ఒకటి జారి లివరును బయటికి తోస్తాయి. లివరును తన గాడిలో నిలిపే చిన్న గుండు, దాని స్ప్రింగు అలిసిపోయినా ఇంతే. గేరు ఫోర్కు అరిగినా ఇంతే. ఇంజనును మోసే రబ్బరు దిమ్మలు చీలిపోతే, దిగుడులో ఇంజను కదిలి లివరు వెళ్లి ఫ్లోరు రేకుకు ఆనుతుంది, గేరు పూర్తిగా పడదు. అందుచేత ఎక్కుడులో పనిచేసిన గేరు దిగుడులోనూ పనిచేస్తుందని నమ్మకండి.

ఇందుకు కొందరు లివరును తాడుతో కట్టేస్తారు, కొందరు పక్కన కూర్చున్న కుర్రవాడిని పట్టుకోమంటారు. ఇది వైద్యం కాదు. తాడు బలానికి ఫోర్కు మరింత అరుగుతుంది. అలాంటి జీపును మెకానిక్కుకు చూపించేవరకు మనుషులను ఎక్కించుకుని కొండ దిగరాదు.

దారి మధ్యలో జారిపోతే ఏం చేయాలంటారా? లివరును మళ్లీ తోసే ప్రయత్నంలో కాలం పోగొట్టుకోకండి. బండి కదులుతుండగా లో పడదు, పళ్లు గరగరమంటాయి, ఈలోగా వేగం పెరిగిపోతుంది. వెంటనే కాలిబ్రేకు గట్టిగా తొక్కండి. చేతిబ్రేకు కూడా లాగండి. లోయవైపు కాక కొండగట్టు వైపు తిప్పి ఆపండి. వేగం పుంజుకోకముందు ఆగడం తేలిక. పుంజుకున్న తరువాత ఎవరి వశమూ కాదు.

ఇక్కడే ఇంకొక మాట. ట్రాన్స్‌ఫర్ కేసు న్యూట్రల్లో వున్నప్పుడు, గేరుబాక్సులో ఏ గేరు వేసినా ఒకటే, బండి నిలవదు. కొత్తరకం ఆటోమేటిక్ బండ్లలో "పార్కు"లో పెట్టినా నిలవదు. దిగుడులో ఆపి, గేరు వేశాను గదా అని దిగిపోయిన మనిషి ఎదుటనే బండి దొర్లిపోతుంది. కనుక చేతిబ్రేకు వేసి, చక్రాల కింద రాళ్లు పెట్టిన తరువాతనే దిగండి.

రెండవది, క్లచ్చి. దిగుడులో క్లచ్చి తొక్కడం అంటే ఎద్దులను విప్పేయడమే. భయమేసినప్పుడు రెండు కాళ్లతో రెండు పెడళ్లూ తొక్కడం మనిషి అలవాటు. ఈ అలవాటును బుద్ధిపూర్వకంగా మానుకోవాలి. లో గేరులో ఎడమకాలిని క్లచ్చి మీదనుంచి తీసి నేలమీద పెట్టుకోండి.

ఇంకో ప్రమాదం కూడా వున్నది. లో ఒకటో గేరులో వుండి, క్లచ్చి తొక్కినందువల్ల జీపు గంటకు 40 కిలోమీటర్ల వేగం అందుకున్నదనుకోండి. మన ముప్పయ్యేడు రెట్ల లెక్కప్రకారం క్లచ్చి ప్లేటు నిమిషానికి దాదాపు 11,000 చుట్లు తిరుగుతుంది. ఆ పాత విల్లీస్ ఇంజను పూర్తి బలం చూపేది 4000 చుట్లకే. అంత వేగానికి క్లచ్చి ప్లేటు ముక్కలై పగిలిపోవచ్చు. అప్పుడు పెడలు వదిలినా ఇంజను పట్టు తిరిగి రాదు. అరిగిపోయిన క్లచ్చి కూడా దిగుడులో జారుతుంది. ఎక్కుడులో ఇంజను రొద పెరిగి బండి వేగం పెరగకపోతే, ఆ క్లచ్చి దిగుడులోనూ పట్టదని తెలుసుకోండి.

మూడవది, తగ్గని ఇంజను. కాలు పూర్తిగా తీసినా బండిని ఎవరో వెనకనుంచి తోస్తున్నట్టు వుంటే, ఇంజను ఆపడం లేదు, లాగుతున్నదన్న మాట. యాక్సిలరేటరు తీగ బిగిసిందా, తిరిగి లాగే స్ప్రింగు వూడిందా, పెడలు కింద చాప మడతపడిందా చూడండి. ఐడిలింగు ఎక్కువగా పెట్టివున్నా ఇదే జరుగుతుంది. లో గేరులో ఇంజను నెమ్మదిస్తుంటే డీజిలు పంపు గవర్నరు తనంతట తానే కాస్త నూనె పంపి ఐడిలింగు నిలబెడుతుంది. అంతకంటే నెమ్మదిగా పోవాలంటే కాలిబ్రేకు అందుకోవాలి. ఇప్పటి బండ్లలో ఏసీ వేస్తే ఐడిలింగు పెరిగేవి వున్నాయి. నిటారు దిగుడులో ఏసీ కట్టేయడం మంచిది.

పెట్రోలు జీపుకు, పాతరకం డీజిలు జీపుకు కూడా తేడా వున్నది. పెట్రోలు ఇంజనులో కాలు తీస్తే గాలి దారికి మూత పడుతుంది. మూసిన మూతిగుండా గాలి పీల్చవలసి రావడంతో ఇంజను బిగపడుతుంది. పాత డీజిలులో ఆ మూత లేదు, గాలి స్వేచ్ఛగా వస్తుంది. పెట్రోలు జీపు అలవాటైన వారికి డీజిలులో పట్టు తగ్గినట్టనిపిస్తే, ఇంకొక గేరు కిందికి వేసుకుని దిగాలి.

నాలుగవది, ముందు చక్రాలు కలవకపోవడం. కొన్ని జీపులలో ముందు చక్రాల బొడ్డు దగ్గర చేత్తో తిప్పి బిగించే హబ్బులు వుంటాయి. లోపల లివరు వేశారు గాని, దిగి హబ్బులు బిగించలేదు. అప్పుడు ముందు షాఫ్టు వూరికే తిరుగుతుంది. ఇంజను పట్టు వెనక చక్రాలు రెండింటికే అందుతుంది. దిగుడులో బండి బరువు ముందుకు వాలి వెనక చక్రాలు తేలికబడతాయి. తేలికైన చక్రాలమీదనే పట్టు అంతా పడితే అవి జారి, బండి వెనకభాగం పక్కకు తిరుగుతుంది. రెండు హబ్బులూ బిగించారా అని దిగేముందు కళ్లతో చూసుకోండి.

అయిదవది, ఆటోమేటిక్ గేర్ల బండ్లు. ఇవి ఈమధ్య మన ఘాటీల్లోనూ కనిపిస్తున్నాయి. లో లివరు వేసి గేరు "డి"లో వుంచితే, బండి తనంతట తాను పైగేరుకు మారిపోవచ్చు. "ఎల్" గాని "ఒకటి" గాని చేత్తో ఎంచుకోవాలి. ఇంకా కొన్ని బండ్లలో దిగుడులో వేగం నిలిపే మీట వున్నది. అది చాలా సౌకర్యమే. అయితే అది పనిచేసేది ముఖ్యంగా చక్రాల బ్రేకులను తానే నొక్కి. కనుక పొడుగాటి దిగుడులో ఆ మీట వేసినా, గేరు కిందికే వుండాలి, లేకపోతే బ్రేకులు వేడెక్కుతాయి.

ఇంతవరకు పట్టు చాలకపోవడం చెప్పాను. పట్టు ఎక్కువైనా చిక్కే. వానకు తడిసిన ఎర్రమట్టి బాటమీద, రాలిన ఆకులమీద లో ఒకటో గేరులో దిగుతుంటే చక్రాలు తిరగడం మాని, జారుబల్ల మీదలాగా జారిపోవచ్చు. అప్పుడు బ్రేకు తొక్కితే మరింత జారుతుంది. క్లచ్చి తొక్కితే పరుగెత్తుతుంది. చేయవలసింది ఒక్కటే: కొంచెం, చాలా కొంచెం రేజు ఇవ్వండి. చక్రాలు మళ్లీ తిరగడం మొదలుపెడితే నేల పట్టు దొరుకుతుంది, స్టీరింగు మాట వింటుంది. జారేటప్పుడు రేజు ఇవ్వడమేమిటని మనసు ఒప్పుకోదు. అందుకే కొండమీద కాక, మీ వూరి చెరువుగట్టు దగ్గర ఏ ప్రమాదం లేని చిన్న ఏటవాలు చూసుకుని, ఖాళీ బండితో ముందుగా అలవాటు చేసుకోండి.

మరి తారురోడ్డు ఘాటీ మీద లో వేయవచ్చునా? పాత జీపులలో ముందు ఇరుసు కలిపితే తప్ప లో పడదు. ముందు వెనక ఇరుసులు బిగిసి కలిసినప్పుడు, మలుపులో ముందు చక్రాలు వెనక చక్రాలకంటే ఎక్కువ దూరం తిరగవలసి వున్నా తిరగలేవు. మట్టిమీద కాస్త జారి సర్దుకుంటాయి. ఎండిన తారుమీద జారలేక షాఫ్టులు మెలిపడతాయి, టైర్లు అరుగుతాయి, లివరు తిరిగి బయటికి రాకుండా బిగుసుకుంటుంది. కాబట్టి తారురోడ్డు ఘాటీలో హైలోనే వుండి, రెండో గేరు గాని ఒకటో గేరు గాని వేసుకుని దిగండి. ఘాటీ వదిలి గ్రామానికి, తోటకు వెళ్లే మట్టిబాటలో, రాళ్లబాటలో లో వాడండి.

ట్రాక్టరు రైతులకు కూడా రెండు మాటలు చెప్పాలి. ట్రాక్టరులోనూ హై-లో లివరు వున్నది, సూత్రమూ ఒకటే. కాని అక్కడ ఎక్కువగా జరిగే పొరపాటు చేతి యాక్సిలరేటరు. పొలంలో దుక్కికి పెంచి, అలాగే వదిలేసి దిగుడులోకి వస్తారు. కాలు తీసినా ఇంజను తగ్గదు. దిగుడు మొదట్లోనే దాన్ని పూర్తిగా తగ్గించండి. కుడి ఎడమ బ్రేకు పెడళ్లు రెండింటినీ కలిపే కొక్కెం వేయండి. కొక్కెం లేకుండా ఒకటే పెడలు తొక్కితే ట్రాక్టరు గిర్రున తిరిగి ట్రాలీతో సహా బోల్తాపడుతుంది. చాలా ట్రాక్టర్లకు బ్రేకులు వెనక చక్రాలకే వుంటాయి. నాలుగు చక్రాలు లాగే ట్రాక్టరయితే మట్టి దిగుడులో ముందు ఇరుసు లివరు వేసుకోండి. ఇంజను పట్టు, బ్రేకు పట్టు కూడా షాఫ్టు ద్వారా ముందు టైర్లకు అందుతాయి. ట్రాలీకి బ్రేకులు లేకపోతే దాని బరువంతా ట్రాక్టరు వీపుమీదనే పడుతుందని మరవకండి. ఎక్కుడులో లాగగలిగినంత బరువు, దిగుడులో నిలపగలిగినంత బరువు రెండూ ఒకటి కావు. సరుకు రెండు విడతలుగా దించుకుంటే పోయేదేమీ లేదు.

చివరకు ఒక దురలవాటు గురించి. డీజిలు కలిసివస్తుందని ఇంజను కట్టేసి, న్యూట్రల్లో ఘాటీ దిగేవారున్నారు. ఇంజను ఆగితే బ్రేకుకు సాయంచేసే బూస్టరు రెండు మూడు తొక్కుళ్లకే ఖాళీ అయిపోతుంది. తరువాత పెడలు రాయిలా బిగుస్తుంది. పవర్ స్టీరింగు వుంటే అదీ బరువెక్కుతుంది. తాళంచెవి పూర్తిగా తిప్పితే స్టీరింగే బిగిసిపోవచ్చు. పోనీ ఆదా అయినా వున్నదా? ఇప్పటి ఎలక్ట్రానిక్ ఇంజన్లలో గేరులో వుండి యాక్సిలరేటరు మీదనుంచి కాలు తీస్తే, ఇంజను ఐడిలింగు వేగానికి దిగేవరకు ఇంధనం దాదాపుగా ఆగిపోతుంది. తిరిగే చక్రాలే ఇంజనును తిప్పుతుంటాయి. అంటే గేరులో దిగినవాడికి పట్టూ దక్కుతుంది, ఆదా కూడా దక్కుతుంది.

ఇప్పుడు చెప్పినదంతా నాలుగు ముక్కల్లో గుర్తుపెట్టుకోండి. దిగుడు మొదలుకాకముందే, పైన చదును మీద బండి ఆపి లో వేయండి, మధ్యలో వేద్దామనుకోకండి. వేసిన తరువాత పదిగజాలు నడిపి, కాలు తీసి, పట్టు వున్నదో లేదో, లివరు నిలిచిందో లేదో చూడండి. దిగినంతసేపూ క్లచ్చి జోలికి పోకండి. ఇంజను మరీ అరుస్తుంటే కాలిబ్రేకు కాసేపు తొక్కి వదలండి, ఆనించి వుంచకండి. ఎదురుగా ఎక్కి వచ్చే బండికి దారి ఇవ్వండి.

పరుగెత్తి పాలు తాగేకంటే నిలబడి నీళ్లు తాగడం మేలని మన పెద్దలన్నారు. సంతకు పావుగంట ఆలస్యంగా చేరిన అల్లం అమ్ముడుపోకుండా వుండదు. జీపులో కూర్చున్నవారి ఇళ్లలో దీపం వెలిగించి ఎదురుచూసే వాళ్లున్నారు. ఎక్కిన కొండను ఏ గేరులో ఎక్కారో, ఆ గేరులోనే దిగండి, ఇంకా నిటారుగా వుంటే దానికంటే కింది గేరులో దిగండి.